రాతి పుట్టుపూర్వోత్తరములు



నా చిన్ననాట అక్షరాభ్యాసము కాగానే పిల్లవాని చేతికి అందించునది నల్లని రాతిపలక; దానిపై వ్రాయుటకు బలపము. పలక పగులగొట్టుకొని యింటికి వచ్చిన దినమున తగిలిన దెబ్బలు నాకిప్పటికిని జ్ఞాపకమున్నవి గాని, అది యెట్టి రాయియో, ఎట్లు పుట్టినదో అప్పుడెవ్వరును చెప్పలేదు, నేనును అడుగలేదు. పందొమ్మిదవ యేట విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రపు తరగతిలో కూర్చున్న పిమ్మట గాని ఆ సంగతి నాకు తెలియలేదు.

ఆ పలకలలో పెక్కు మార్కాపురము ప్రాంతపు గనులనుండి వచ్చినవి. అచ్చటి రాయి ఒకానొక పురాతన సముద్రము అడుగున పేరుకొన్న బురద. దానిపై మరికొన్ని పొరలు పేరుకొని బరువెక్కెను. భూమి ప్రక్కలనుండి దానిని నొక్కెను. కొంత వేడియు తగిలెను. అంతట ఆ బురదలోని సన్నని రేకులవంటి ఖనిజములన్నియు నొక్కుడు వచ్చిన దిక్కునకు అడ్డముగా ఒకే వాలున సర్దుకొన్నవి. కనుకనే పనివాడు ఉలితో తట్టినచో అది పుస్తకపు పుటలవలె విడివడును. బలపమును అట్టిదే; మెగ్నీషియము గల రాయి వేడినీటి సంపర్కముచే మార్పు చెంది, గోరు గీచినను గీతపడునంత మెత్తబడినది. ఈ రీతిగా ఒక రాయి మారి వేరొక రాయి యయినచో దానిని రూపాంతరశిల యందురు. మేము రూపాంతరశిలపై రూపాంతరశిలతో ఓనమాలు దిద్దితి మన్నమాట!

నేడు నేను చెప్పదలచినది ఈ రూపాంతరశిలలను, వానితోపాటు అగ్నిశిలలను విశ్వవిద్యాలయములో ఎట్లు చదువుదురన్న విషయము. ఈ చదువులో నన్ను మిక్కిలి కలతపెట్టిన రాయి యొకటి కలదు. దానిని మీలో అనేకులు చూచియే యుందురు. పేరు తెలియక పోవచ్చును. దానివద్దకు కొంచెము నిదానముగా పోవుదము.

శిలలు మూడు తెగలని పాఠశాలలోనే చెప్పుదురు. కరిగిన శిలాద్రవము చల్లారి గడ్డకట్టినది అగ్నిశిల. నీటిచేతను గాలిచేతను కొట్టుకొని వచ్చిన ఇసుక, బురద మున్నగునవి పొరలుగా పేరుకొని గట్టిపడినది అవక్షేపశిల. ఈ రెంటిలో దేనికైనను, కరగిపోకుండగనే, గట్టి స్థితియందే వేడి, పీడనములచే లోపలి ఖనిజములు మారినచో అది రూపాంతరశిల. "కరగిపోకుండగనే" యన్న మాటను గుర్తుంచుకొనుడు. దానితో మనకు తరువాత పేచీ రానున్నది.

అగ్నిశిలలలో కొన్ని భూమిపైకి పొంగి త్వరగా చల్లారినవి. 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము దక్కనులో పొంగి పారిన నల్లని బసాల్టు అట్టిది. దానిలోని స్ఫటికములు కంటికి కనబడనంత సన్ననివి. మరికొన్ని లోతున నిలిచి, తీరికగా చల్లారినవి. హైదరాబాదు చుట్టును ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గ్రానైటు గుండ్లు అట్టివి. వాని వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములు. లోతున తీరిక దొరకినది గనుక వానిలోని స్ఫటికములు కందిగింజలంత, చింతగింజలంత పెరిగినవి.

ఇది నేడు బాలురకును తెలిసిన మాటయే గాని, పండితులు దీనిని ఒప్పుకొనుటకు చాలకాలము పట్టినది. గ్రానైటు సముద్రజలమునుండి పేరుకొన్నదని పదునెనిమిదవ శతాబ్దిలో పెద్ద పెద్ద ఆచార్యులు బోధించుచుండిరి. 1785లో స్కాట్లండు దేశస్థుడగు జేమ్స్ హట్టన్ గ్లెన్ టిల్ట్ అను లోయలో, ఎఱ్ఱని గ్రానైటు పాయలు పాయలుగా నల్లని శిలలను చీల్చుకొని చొచ్చుకొనిపోయిన చోటును కనిపెట్టెను. చొచ్చుకొనిపోయినది ద్రవమై యుండవలెను గదా! చొరబడినది తరువాత వచ్చినది, చొరనిచ్చినది ముందునుండి యున్నది అన్న సూత్రము మా చదువునకు నేటికిని మొదటి మెట్టు. హట్టన్‌కు సర్ జేమ్స్ హాల్ అను చిన్నవాడగు మిత్రుడుండెను. రాళ్లను కొలిమిలో కరగించి పరీక్షింతునని యతడనగా, భూగర్భములోని మహాకార్యమును మూసలో చూడవచ్చునా యని హట్టన్ సమ్మతింపలేదు. హాల్ మర్యాదస్థుడు, పెద్దాయన 1797లో గతించువరకు ఊరకుండి, మరుసటి యేడు తన ఫలితములను వెల్లడించెను. కరగిన బసాల్టును త్వరగా చల్లార్చిన గాజగుననియు, మెల్లగా చల్లార్చిన స్ఫటికములతో కూడిన రాయి యగుననియు అతడు చూపెను. పిమ్మట సుద్దపొడిని తుపాకి గొట్టములో బిగించి కాల్చి పాలరాతివంటి గట్టిరాతిని తీసెను. ఒకడు అగ్నిశిలకును రూపాంతరశిలకును గూడ కొలిమి పెట్టి చూపినాడు.

ఇక మా ప్రయోగశాలకు వత్తము. మొదటి సంవత్సరము చేతిలో పట్టునంత రాళ్లను, భూతద్దమును, ఒక చాకును ఇచ్చి కూర్చుండబెట్టుదురు. అదియంతయు పరిచయము మాత్రమే. అసలు చదువు సూక్ష్మదర్శినితో మొదలగును. రాతిని సూక్ష్మదర్శిని క్రింద ఎట్లు చూతురని మీరడుగవచ్చును. రాతినుండి చిన్న బిళ్లను కోసి, ఒక ముఖమును నున్నగా రాచి, గాజుపలకకు అంటించి, రెండవ ముఖమును కార్బొరండము పొడితో అరగదీయుచు పోవలెను. మిల్లీమీటరులో నూటికి 3 వంతుల మందము వచ్చువరకు అరగదీసినచో, ఎంతటి నల్లరాయియైనను చాలవరకు వెలుగును తనలోగుండ పోనిచ్చును. ఇంగ్లండు దేశస్థుడగు సార్బీ 1858లో ఈ పద్ధతి ఫలితములను ప్రకటించినపుడు, పర్వతములను సూక్ష్మదర్శినితో చూచుట యేమని నవ్వినవారుండిరి.

నా మొదటి బిళ్లను మూడు గంటలసేపు అరగదీసితిని. ఇంకను కొంచెము, ఇంకను కొంచెము అనుచు తుదకు గాజుపలక మాత్రము మిగిల్చితిని. రాయి యావత్తు నీటిలో కొట్టుకొనిపోయినది. ప్రయోగశాల నౌకరు దానిని దీపమున కెత్తి చూచి, "బాబూ, మీది చాల శుభ్రముగా వచ్చినదండీ!" అని పోయెను. మూడవ ప్రయత్నమునకు గాని నాకు రాయి చిక్కలేదు.

ఆ బిళ్లను రెండు ధ్రువకముల నడుమ, అనగా వెలుగును ఒకే తలమున కంపింపజేయు రెండు పలకల నడుమ నుంచి, క్రింది బల్లను త్రిప్పుచు చూచిన దినము నేను మరువలేను. బయట బూడిదవన్నె రాయి. లోపల నెమలి పింఛము. క్వార్ట్జు, అనగా మన పలుగురాయి, తెలుపు బూడిదవన్నెల నడుమ వెలిగి ఆరుచుండెను. ఫెల్డ్‌స్పారులో నలుపు తెలుపు చారలు చీరె అంచువలె తీర్చియుండెను. అభ్రకము ఎఱుపు, ఆకుపచ్చ, నీలి రంగులతో మెఱసెను. ఈ రంగులు ఖనిజమునకు సొంతమైన వర్ణములు కావు. స్ఫటికము తనలో ప్రవేశించిన వెలుగును రెండుగా చీల్చి, ఒకదానికంటె నొకటి వెనుకబడునట్లు చేయును. అవి మరల కలసినపుడు పుట్టునవే యీ రంగులు. ఎంత వెనుకబడినదో కొలిచి ఖనిజమును గుర్తింపవచ్చును.

అయితే ఖనిజముల పేర్లు చెప్పగలుగుట చదువులో సగము గూడ గాదు. వాని అల్లికను చూడవలెను. పెండ్లి పంక్తిలో ముందుగా వచ్చి కూర్చున్నవాడు మఠము వేసికొని తీరుగా కూర్చుండును. కడపట వచ్చినవాడు దొరకిన సందులో ఒదుగును. శిలాద్రవములోను అంతే. మొదట గడ్డకట్టిన స్ఫటికమునకు తనకు సహజమైన ముఖములును కోణములును ఉండును. కడపట వచ్చినది మిగిలిన సందులను పూరించును. గ్రానైటులో క్వార్ట్జు సాధారణముగా సందులు పూరించునదే.

ఈ వరుసకు కారణము నిరూపించినవాడు నార్మన్ బోవెన్. అతడు వాషింగ్టనులోని కార్నెగీ సంస్థవారి ప్రయోగశాలలో చిన్న చిన్న మూసలలో కృత్రిమ శిలాద్రవములను కాచి, ఒక్కొక్క ఉష్ణోగ్రతవద్ద చటుక్కున చల్లార్చి, అప్పటికేమేమి స్ఫటికములు కట్టినవో చూచెను. 1922లో ఆ వరుసను ప్రకటించెను. మొదట ఆలివీను, తరువాత పైరాక్సీను, పిమ్మట హార్న్‌బ్లెండు, నల్ల అభ్రకము. ప్రక్కనే సున్నపుపాలు హెచ్చుగా గల ఫెల్డ్‌స్పారునుండి సోడియము గలదానికి క్రమముగా మార్పు. తుదకు పొటాషు ఫెల్డ్‌స్పారు, తెల్ల అభ్రకము, క్వార్ట్జు. దీనినుండి పెద్ద విశేష మొకటి తేలినది. నౌపడ ఉప్పుమళ్లను చూచినవారికిది సులభముగా బోధపడును. మడిలో ఉప్పు కట్టిన కొలదియు మిగిలిన నీరు మొదటి సముద్రపు నీరు గాదు. అది చేదెక్కుచు పోవును. అట్లే శిలాద్రవమునుండి ఇనుము, మెగ్నీషియములు గల బరువైన స్ఫటికములు కట్టి అడుగునకు దిగినచో, మిగిలిన ద్రవమున సిలికా పాలు హెచ్చును. ఒకే ద్రవమునుండి నల్లని బరువురాయియు, తెల్లని తేలికరాయియు పుట్టవచ్చును. అయితే ప్రపంచములోని గ్రానైటంతయు ఈ విధముగనే పుట్టినదని బోవెన్ శిష్యులు పట్టుపట్టినంత బలముగా నేడెవ్వరును పట్టుపట్టుట లేదు. గట్టిరాయి లోతున కొంత కరగుటచేతను గ్రానైటు పుట్టునని ఇప్పుడందరును ఒప్పుకొందురు.

రూపాంతరశిలల చదువు ఇంతకంటె కష్టము. నా మట్టుకు ఇంతకంటె రుచికరము. ఒకే పిండితో ఆవిరిపై ఇడ్డెన, పెనముపై దోసె యగును. పదార్థ మొకటియే, వేడి తగిలిన తీరు వేరు. దోసెను చూచినవాడు పెనమును చూడకున్నను పెనమున్నదని చెప్పగలడు. అల్యూమినా, సిలికా గలసిన ఒకే పదార్థము మూడు ఖనిజములుగా దొరకును: ఆండలూసైటు, కయనైటు, సిల్లిమనైటు. పీడనము తక్కువైనచోట మొదటిది, పీడనము హెచ్చినచోట రెండవది, వేడి హెచ్చినచోట మూడవది. ఈ మూడును కలసియుండగల స్థితి యొక్కటే; అది ఇంచుమించు 500 డిగ్రీల సెంటిగ్రేడు వేడియు, 14 కిలోమీటర్ల లోతునకు సరిపడు పీడనమును. కనుక రాతిలో సిల్లిమనైటు సూదులు కనబడినచో అది ఎంత వేడిని చవిచూచినదో మనకు హద్దు దొరకినట్లే.

జార్జి బారో అను నతడు 1893లో స్కాట్లండు కొండలలో ఒక్క బురదరాతి జాతినే పట్టుకొని క్రోసుల తరబడి నడచి, మొదట నల్ల అభ్రకము, తరువాత గార్నెట్టు, పిమ్మట స్టారోలైటు, కయనైటు, సిల్లిమనైటు వరుసగా కనబడుటను పటముపై గుర్తించెను. నేలపై నడచుచు అతడు నిజముగా వేడిమి మెట్లు ఎక్కుచుండెను. ఫిన్లండువాడగు ఎస్కోలా కొంతకాలమునకు ఖనిజముల గుంపును చూచి వేడి, పీడనముల పరిధిని నిర్ణయించు పద్ధతిని ఏర్పరచెను. మాకు పరీక్షలలో నేటికిని వచ్చునది దాదాపు అదియే.

ఇచ్చట ఒక సందేహము రావలెను. లోతున వేడిలో మారిన రాయి, మరల పైకి వచ్చి చల్లారినపుడు, మొదటి రూపమును ఏల పొందదు? పొందవలసినదే. కాని ఖనిజములు మారుటకు వేడియు, కొంత నీరును సహాయపడవలెను. రాయి లోతునకు దిగుచు వేడెక్కునపుడు దానిలోని నీరు ఆవిరియై వెడలిపోవును. తిరిగివచ్చునపుడు నీరు లేదు, వేడి తగ్గుచున్నది. మార్పు అడుగడుగునకు మందగించి ఆగిపోవును. రాతికి మతిమరపు లేకపోవుటకు ఇదియే కారణము. కొన్ని రాళ్లలో గార్నెట్టు స్ఫటికము తన కడుపులో మొదటి దశనాటి ఖనిజపు తునకలను దాచుకొనియుండును. బయట అవి యేనాడో నశించియుండును.

ఇప్పుడు మన కొండలకు వత్తము. విశాఖపట్టణమునకు పోయినవారు సింహాచలము, కైలాసగిరి మున్నగు కొండలపై తుప్పువన్నె తిరిగిన, తెల్లని మచ్చలు గల రాతిని చూచియుందురు. దానిపేరు ఖోండలైటు. తూర్పు కనుమలలో నివసించు ఖోండు జాతివారి పేరిట వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1902లో ఆ పేరు పెట్టెను. ఎఱ్ఱని గార్నెట్టు గింజలు, సిల్లిమనైటు సూదులు, క్వార్ట్జు, ఫెల్డ్‌స్పారు, అచ్చటచ్చట పెన్సిలు ములుకులోని గ్రాఫైటు. ఇవి దాని అంశములు. భీమునిపట్టణము తీరమున ఇసుకలో ఎఱ్ఱగా మెఱయు రేణువులలో పెక్కు ఈ కొండలనుండి కొట్టుకొని వచ్చిన గార్నెట్లే. 13వ శతాబ్దిలో కోణార్క సూర్యదేవాలయమును కట్టినవారు ఎక్కువగా వాడినదియు ఈ రాయియే. చెక్కుటకు వీలైనది గాని, ఎండవానలకును ఉప్పుగాలికిని తాళజాలదు; అచ్చటి శిల్పముల ముఖములు అరగిపోవుటకు అదియొక హేతువు.

ఈ ఖోండలైటు పుట్టుక యేమి? బురద! మార్కాపురము పలకవలెనే ఇదియు మొదట నీటి అడుగున పేరుకొన్న మెత్తని మట్టియే. పలక కొద్దిపాటి వేడితో ఆగిపోయినది. ఖోండలైటు 25, 30 కిలోమీటర్ల లోతునకు దిగి, 800 డిగ్రీలు దాటిన వేడిని అనుభవించి, దాదాపు నూరు కోట్ల సంవత్సరముల క్రిందట తన నేటి రూపమును దాల్చినది. పాడేరు ప్రాంతపు రాళ్లలో సఫిరీను అను నీలిఖనిజము క్వార్ట్జుతో కలసి దొరకినది. అట్టి పొత్తు 900 డిగ్రీలు దాటిన వేడికి సాక్ష్యము. భూమిపై ఇంతటి వేడికి గుర్తులు మిగిలిన ప్రదేశములు కొన్ని మాత్రమే గలవు.

నేను మొదట చెప్పిన పేచీ ఇచ్చటనే వచ్చినది. నీరున్నచో గ్రానైటు జాతి పదార్థము 650, 700 డిగ్రీలకే కరగ నారంభించును. మరి 900 డిగ్రీలలో ఈ రాళ్లు కరగలేదా? కొంత కరగినవి. కరగిన తెల్లని భాగము కొంతమేర ప్రక్కకు జారిపోయినది. కొంత ఆ రాతిలోనే పాయలుగా గడ్డకట్టినది. అనగా ఒకే రాతిలో ఈ బెత్తెడు అగ్నిశిల, ఆ బెత్తెడు రూపాంతరశిల! "కరగిపోకుండగనే" యన్న మాటతో గీచిన గీత మన చేతిలోని రాతి నడుమగా పోవుచున్నది.

నన్ను కలతపెట్టిన రాయి దీని ప్రక్కనే యుండును. దాని కథ కలకత్తా శ్మశానమున మొదలైనది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియగు జాబ్ చార్నక్ సమాధి అచ్చటి సెయింట్ జాన్ చర్చి ఆవరణలో నున్నది. ఆ సమాధిపైని ఫలకము మద్రాసు ప్రాంతమునుండి తెచ్చిన ముదురు వన్నె రాయి. థామస్ హాలండ్ 1893లో ఆ రాతిని పరీక్షించి, దానికి చార్నొకైటు అని నామకరణము చేసెను. మద్రాసు ప్రక్కనున్న పల్లావరము, సెయింట్ థామస్ కొండలు ఆ రాతివే. చూచుటకు నూనె పూసినట్లు ఆకుపచ్చ నలుపు కలిసిన ఛాయ. క్వార్ట్జు గూడ తెల్లగా నుండక నీలివన్నె తిరిగియుండును. కూర్పు గ్రానైటువంటిదే, కాని నల్ల అభ్రకమునకు బదులు హైపర్‌స్తీను అను నీరులేని పైరాక్సీను ఉండును. హాలండ్ 1900లో పెద్ద గ్రంథము వ్రాసి ఇది అగ్నిశిలయని నిర్ణయించెను. తరువాతివారు అనేకులు, కాదు, రూపాంతరశిలయే యనిరి. వాదము తరములు సాగినది.

మేము తూర్పు కనుమలలోని ఒక రాతి క్వారీకి విద్యార్థులుగా పోయితిమి. కొత్తగా పగులగొట్టిన గోడవద్ద నిలబడి మా ఆచార్యులు నన్ను పిలిచి, "ఏమోయ్, ఇదేమి రాయి?" అనిరి. నేను రాత్రియే హాలండ్ వాదమును చదివియుంటిని. "చార్నొకైటండీ, అగ్నిశిల" అంటిని. నా మిత్రుడు వెనుకనుండి, "కాదండీ, రూపాంతరశిల" అనెను. అతడు చదివినది వేరొక పుస్తకము. ఆచార్యులు ఇద్దరి ముఖములును చూచి, "సరే, మీరేమి చూచి చెప్పినారు?" అని అడిగిరి. మే మిద్దరమును రాతివంక ఇంకను సరిగా చూడనే లేదు! ఆయన కోపపడలేదు. ఆ గోడలో ఆరడుగుల మేర సుద్దతో గీత గీచి, సాయంత్రమువరకు దానిని మాత్రము చిత్రింపుడని చెప్పి తాను ముందుకు సాగిపోయిరి.

ఎండలో కూర్చుండి గీయుచు గీయుచు నేను చూచినది ఇది. బూడిదవన్నె నైస్ రాతిలో నల్ల అభ్రకపు చారలు నీటిగీతలవలె సాగుచున్నవి. ఒకచోట అవి ముదురు ఆకుపచ్చని మరకలోనికి ప్రవేశించి, ఆగక, వంగక, మెల్లమెల్లగా మాసిపోవుచున్నవి. మరకకు అంచు లేదు. లోపల అభ్రకమునకు బదులు గోధుమవన్నె హైపర్‌స్తీను గింజలు. ఇది చొచ్చుకొనివచ్చిన ద్రవమైనచో హట్టన్ చూచినట్లు అంచు తెగియుండవలెను. ఇచ్చట రాయి ఉన్నచోటనే మారినది. నా మిత్రుడు గెలిచెనని ఒప్పుకొనుటకు లేచితిని. అతడు ఏబది అడుగుల దూరమున నున్నాడు; ముఖము వాడియున్నది. అతని వంతునకు వచ్చిన గోడలో అదే ముదురు రాయి, కత్తితో కోసినట్టి అంచుతో ఖోండలైటును చీల్చుకొని, ఆ ఖోండలైటు ముక్కలను తన కడుపులో మ్రింగియున్నది. అచ్చట అది ద్రవముగా వచ్చినదనుటలో సందేహము లేదు. మే మిద్దరమును ఒకరి వాదమును ఒకరు నిరూపించితిమి!

ఆచార్యులు మా పుస్తకములలో రాతి పేర్లకు మార్కులు వేయలేదు, చిత్రములకు వేసిరి. నాకు వచ్చినవి పదింటికి నాలుగు. స్థలము, కొలబద్ద వ్రాయుట మరచితిని.

మా ఆచార్యులు మాకు అచ్చటనే చెప్పియుండదగిన సంగతి యొకటి 1960లోనే వెలువడియుండెను. మైసూరు సీమలోని కబ్బలదుర్గమువద్ద నైస్ శిల మరకలు మరకలుగా చార్నొకైటుగా మారుచు, ఆ మార్పు నడుమనే ఆగిపోయిన చోటును పిచ్చముత్తుగారు వర్ణించి ప్రకటించిరి. అభ్రకము, హార్న్‌బ్లెండులలో స్వభావముచేతనే నీరు బంధింపబడియుండును. ఆ నీరు వెడలిపోయినచో అభ్రకమును క్వార్ట్జును కలసి హైపర్‌స్తీనుగను, పొటాషు ఫెల్డ్‌స్పారుగను మారును. నీటిని వెడలగొట్టినది వేడి మాత్రమేనా, లేక లోతునుండి వచ్చిన బొగ్గుపులుసు వాయువు కూడనా యన్నది తరువాతి చర్చ. చార్నొకైటులోని క్వార్ట్జులో ఆ వాయువు చిక్కుకొన్న సూక్ష్మమైన బుడగలు సూక్ష్మదర్శినికి కనబడును గనుక దాని పాత్రను త్రోసివేయరాదు. అయితే వేరుచోట్ల పొడిద్రవమే లోతునకు చొచ్చుకొనివచ్చి, హైపర్‌స్తీనుతో గడ్డకట్టి, చార్నొకైటు అయినది. కనుక ఆ పేరు నేడు ఖనిజములను మాత్రము తెలుపును. పుట్టుక తెలియవలెనన్న ఒక్కొక్క గోడను వేరువేరుగా చూడవలసినదే.

నేడు విద్యార్థికి మేమెరుగని సాధనము లున్నవి. జిర్కాను అను ఇసుకరేణువంత ఖనిజములో యురేనియము కొద్దిగా నుండును. అది 447 కోట్ల సంవత్సరములకు సగము చొప్పున సీసముగా మారుచుండును. కిరణములతో ఆ రేణువులోని వెండ్రుకవాసి చోటును సైతము పరీక్షించి వయస్సు చెప్పుచున్నారు. నడుమ భాగము ఒక వయస్సు, దానిచుట్టు పెరిగిన అంచు వేరొక వయస్సు చూపుట సాధారణము. మొదటిది ద్రవము గడ్డకట్టిన కాలము, రెండవది రూపాంతరము జరిగిన కాలము కావచ్చును. కాని ఆ రేణువు ఏ గోడనుండి, మరక లోపలినుండియా, వెలుపలినుండియా, అంచునుండియా వచ్చినదో చీటిపై లేకున్నచో ఆ యంత్రము చెప్పు సంఖ్య ఎందునకును కొరగాదు. అట్టి చీటిలేని రాళ్లతో నిండిన బీరువాలను నేను చూచితిని.

మేము కూర్చుండి గీచిన గోడ ఇప్పుడు లేదు. నేను ఉద్యోగమునందు కుదిరిన పిమ్మట నా విద్యార్థులను తీసికొని పోగా అచ్చట నీరు నిలిచిన గొయ్యి యున్నది. మరకతో కూడ ఆ రాయి యంతయు కంకరయై రోడ్లక్రిందికి పోయినది. రోడ్లు అక్కరలేదని నేననను. కంకర తీసినవారికి ఆ మరక సంగతి చెప్పినవారు లేరు. చెప్పగలిగినవారిలో నేనొకడను, చెప్పలేదు. ఆనాటి నా చిత్రము మిగిలినది. దానిపై స్థలము వ్రాయలేదని మీకు ముందే విన్నవించితిని.

సెయింట్ థామస్ కొండ చార్నొకైటును మాత్రము భారత భూగర్భ సర్వేక్షణ శాఖవారు జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించియున్నారు. మద్రాసు పోయినవారు దానిని చూడవచ్చును. సుత్తి తీసికొని పోరాదు; భూతద్దము చాలును. విశాఖనుండి అరకు పోవు రైలులో కిటికీ దగ్గర చోటు దొరకినచో, కొండను కోసిన చోటులందు తుప్పువన్నె ఖోండలైటును, దానిలోని తెల్లని పాయలను చూడుడు. బొఱ్ఱా గుహలవద్ద దిగినచో అచ్చటిది సున్నపురాయి వేడిలో స్ఫటికములు కట్టిన పాలరాతి జాతి. తెల్లని పాయ అంచు ఖోండలైటులో తెగినట్లున్నదా, మాసిపోయినట్లున్నదా యని చూచి, స్టేషను పేరుతో సహా ఒక కాగితముపై వ్రాసికొనుడు.